రెండు కంప్యూటర్లకు ఒక తెర

కంప్యూటర్ తెర కొనడానికి వెళ్లినవాళ్లంతా దాని ముఖం చూస్తారు. మొదట వెనక భాగం చూడాలి. వెనక ఎన్ని రంధ్రాలున్నాయి, ఏ ఆకారంలో ఉన్నాయి, మీ రెండు కంప్యూటర్ల నుంచి వచ్చే రెండు వైర్లు వాటిలో పడతాయా లేదా చూసుకుని, ఆ తర్వాతే ముందుకు రావాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆఫీసువాళ్లిచ్చిన లాప్‌టాప్ ఒకటి, సొంతది ఒకటి ఉంటున్నాయి కనుక, జగిత్యాలలో మా వీధి పిల్లలు కూడా వచ్చి నన్ను ఈ సంగతి అడుగుతుంటారు. వెనక చూడమంటాను. సరేనని వెళ్తారు. కానీ ఆ సలహా సగమే. మిగతా సగం నాకు తెలియడానికి ఒక హంస చిక్కిపోవలసి వచ్చింది.

నేను సిరిసిల్లలో ఇరవై ఏడేళ్ల నాలుగు నెలలు చీరల అంచులకు డిజైన్లు వేశాను. మొదట గళ్ల కాగితం మీద, తర్వాత కంప్యూటర్ మీద. నలభై సాంచాలున్న ఒక ఆసామి దగ్గర పని. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. తెర మీద గళ్లలో బొమ్మ గీస్తాం. ఒక్కో గడి ఒక్కో పోగు. బొమ్మ పూర్తయ్యాక ఇంకో యంత్రం దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు గుద్దుతుంది. ఆ అట్టలు సాంచ మీదకు ఎక్కితే పోగులు వాటి మాట వింటాయి. అట్టలో తప్పు రంధ్రం పడితే చీరలో తప్పు పోగు పడుతుంది. ఆ హంస వచ్చేదాకా నా చేతి మీదుగా తప్పు అట్ట వెళ్లలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. రిజిస్టర్ ఉంది, అందులో నా సంతకాలున్నాయి.

సిరిసిల్ల జిల్లా అయిన మరుసటి ఏడు, నా పని విరమణకు పదకొండు నెలల ముందు, ఆసామి ఒక అమ్మాయిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. కోరుట్లలో బట్టలు కుట్టే ముస్లిం ఇంటి బిడ్డ. ఇరవై మూడేళ్లు. సిరిసిల్లలో వాళ్ల చిన్నమ్మ ఇంట్లో ఉండి వచ్చేది. మేమంతా కోరుట్ల పిల్ల అనేవాళ్లం.

"ఆర్నెల్లు చూద్దాం దొరసానమ్మా," అన్నాడు ఆసామి. బీర్పూర్ దగ్గర మా తాతలకు భూములుండేవని ఆయనకు తెలుసు. అందుకే ఆ పిలుపు. భూములు పోయాయి, పిలుపు మిగిలింది. "పనికొస్తే మీ తర్వాత మీ కుర్సీల కూసుంటది. రాకుంటే కోరుట్ల బస్సెక్కుతది."

నా కుర్చీలో నేనుండగానే దాని తర్వాతి మాట మాట్లాడటం నాకు నచ్చలేదు.

ఆ పిల్లలో తప్పు పట్టడానికి నేను చాలా వెతికాను. మొదటి నెలలో ఆలస్యంగా వచ్చింది మూడుసార్లు, మూడూ వాన రోజులే. అదీ పెద్దగా పనికిరాలేదు. ఆమె రంగులు కలిపితే సాంచ నడిపే పెద్దాయన మగ్గం ఆపి వచ్చి చూసేవాడు. నా ఇరవై ఏడేళ్లలో ఆయన నా గదికి వచ్చింది అట్టలు ఆలస్యమయ్యాయని అడగడానికే. నూలు వ్యాపారి వస్తే ఆ పిల్లతో ఉర్దూలో ఏదో అనేవాడు, ఇద్దరూ నవ్వేవాళ్లు. నా గురించేనని నాకు గట్టి నమ్మకం. ఒకరోజు అడిగేశాను.

"ఏమన్నడు?"

"వాళ్ల మ్యాకపిల్ల నూలుకండె మింగిందట అక్కా. తోక దిక్కుకెంచి దారమొస్తున్నదట."

నేను నవ్వలేదు. ఇంటికి వెళ్లాక నవ్వు వచ్చింది. అదీ కోపంగానే ఉండింది.

మా గదిలో కంప్యూటర్లు రెండు. పాతదానికి అట్టలు గుద్దే యంత్రం తగిలించి ఉంటుంది. ఆ యంత్రానికి కొత్త కంప్యూటర్ భాష రాదు, అందుకని పాతదాన్ని తీసేయలేం. అది నా చేతిలో ఉండేది. కొత్తదాని మీద ఆ పిల్ల గీసేది. గీసినదాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి నాకిస్తే, నేను పాతదాని మీద సరిచూసి అట్టలు గుద్దేదాన్ని. గుద్దడం ఆమెకు నేర్పలేదు. నేర్పమని ఆసామి రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ తలూపాను.

పాత టీవీ డబ్బాలాంటి బరువైన తెర ఒకటే ఉండేది. వైరు మార్చి మార్చి రెండింటికీ దాన్నే వాడేవాళ్లం. ఒక శనివారం అది కాలిన వాసన వేసి చచ్చిపోయింది.

"గదిల ఇంకో బల్లకు జాగ లేదు. రెండింటికి కలిపి ఒక్కటే మంచిది తెండ్రి," అన్నాడు ఆసామి. "కోరుట్లల మా బామ్మర్ది దుకాణముంది. రేపు ఐతారం ఇద్దరు కలిసి పోయి చూసి రాండ్రి."

ఇద్దరూ అన్న మాట నాకు గుచ్చుకుంది. ఆ రాత్రి ఒక కాగితం మీద పదకొండు ప్రశ్నలు రాసుకున్నాను. బల్ల లోతు ఇరవై రెండు అంగుళాలు. తెర కాలు ఎంత దాకా రావచ్చు? వెనక రంధ్రాలెన్ని? పాత కంప్యూటర్ వైరుకు పదిహేను సూదులు, రెండు మరలు ఉంటాయి; అది పడుతుందా? కొత్తదాని బల్లపరుపు మూతి వైరు పడుతుందా? ఒకదాని నుంచి ఇంకోదానికి మారడానికి ఎన్నిసార్లు మీట నొక్కాలి? మా వెనక ట్యూబ్‌లైటు ఉంది, అద్దం మీద మెరుస్తుందా? మీకు కూడా పనికొచ్చే ప్రశ్నలే ఇవి. వాటిలో ఒక్కటీ తప్పు కాదు.

కోరుట్లలో బస్సు దిగగానే నేను నేనుగా లేకుండా పోయాను. ఆ పిల్లను దారి పొడుగునా పలకరించేవాళ్లే. దుకాణంలోనూ అంతే.

"టైలర్ సాబ్ బిడ్డవు గాదె? గీమె ఎవరు, మీ మేడమా? కూసోండి మేడం," అని కుర్రవాడొకడు నాకు స్టూలు వేశాడు. ఆ అబ్బాయి ఉద్దేశం మర్యాదే. తోడు వచ్చిన మనిషికి వేసినట్టు అనిపించింది.

చివరికి రెండు తెరలు మిగిలాయి. రెండూ ఇరవై రెండు అంగుళాలవే. ఆ పిల్ల ఒకదాని మీటలు నొక్కి చాలాసేపు లోపలి పట్టికలు తిరగేసింది.

"అక్కా, ఇది తీసుకుందాం. ఏ కంప్యూటర్ బొమ్మనైనా ఉన్నది ఉన్నట్టు చూపెడ్తది. గదానికి ఆ సెట్టింగు లేదు, పాత కంప్యూటర్ బొమ్మ ఎడల్పు తక్కువ, దాన్ని తెరంత సాగదీస్తది."

నేను నా కాగితం చూసుకున్నాను. ఆమె చెప్పినదానికి తెర కాలు బల్ల మీద పది అంగుళాలు ఆక్రమిస్తుంది. రెండోదానికి ఏడే. ఆమె చెప్పినదానిలో కంప్యూటర్ మారడానికి మూడు నొక్కులు. రెండోదానిలో ఒక్కటే.

"రోజుకు నలభైసార్లు మారుస్తాం," అన్నాను. "నలభై మూళ్లు నూట ఇరవై. రెండోదైతే నలభైతో సరి."

"నొక్కుడు ఎంత సేపు అక్కా? బొమ్మ కదా చూడాలె."

"నువ్వు రాకముందు కూడా బొమ్మలు చూశాం."

దుకాణం కుర్రవాడు ఎటో చూశాడు. రెండోదే కట్టించాను. ఆ పిల్ల సాగదీయడం గురించి చెప్పిన మాట నాకు ఆ సందడిలో వినపడలేదని చాలాకాలం చెప్పుకున్నాను. వినపడింది. ఆమె నోటి నుంచి వచ్చింది కనుక లెక్కలోకి తీసుకోలేదు.

మొదటి పది రోజులు గళ్లు, చారల అంచులే వచ్చాయి. చారను సాగదీసినా చారే. ఒక్క నొక్కుతో మారే మీటను ఆసామికి చూపించి మెప్పు కూడా పొందాను. పదకొండో రోజు ఆ పిల్ల పెన్‌డ్రైవ్‌లో హంసను ఇచ్చింది.

ఇక్కడ ఒక్క లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. ఆ చీరకు అంగుళం వెడల్పులో నిలువుగా సాగే పడుగు పోగులు ఎనభై, అంగుళం ఎత్తులో అడ్డంగా పడే పేక పోగులు అరవై. గుడ్డ మీద రెండంగుళాల వెడల్పు, రెండంగుళాల ఎత్తు హంస రావాలంటే గళ్లలో నూట అరవై అడ్డం, నూట ఇరవై నిలువు గీయాలి. అంటే తెర మీద హంస లావుగా కనిపించాలి. గుడ్డ మీదకు వెళ్లాక సరిగ్గా దిగుతుంది. అందుకే మా పనివాళ్ల కంటికి తెర మీద లావు హంసే మంచి హంస. ఎంత లావు అంటే, మూడంగుళాల ఎత్తుకు నాలుగంగుళాల వెడల్పు. ఇన్నేళ్లలో ఆ లావు నా కంటికి పట్టేసింది.

ఆ పిల్ల హంస అంతకంటే లావుగా కనిపించింది. కడుపుతో ఉన్న బాతులా ఉంది. స్కేలు తీసి తెర అద్దం మీదే పెట్టాను. ఎత్తు మూడంగుళాలు. వెడల్పు ఐదంగుళాల మీద ఒక మూడోవంతు.

నాకు అర్థమైపోయింది. అర్థమైందనుకున్నాను. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఎనభై, అరవై లెక్క ఒకసారి వేసి, వేసిన సంగతి మరిచి మళ్లీ వేస్తారు. లావు రెండుసార్లు ఎక్కుతుంది. ఆరు నెలల పరీక్ష ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందనగా, రంగులు కలపడంలో అంత పేరు తెచ్చుకున్న పిల్ల, పలక పట్టిన పిల్లల తప్పు చేసింది!

ఆమె భోజనానికి వెళ్లి ఉంది. పిలిచి అడగవచ్చు. గళ్లు లెక్కపెట్టవచ్చు, పెట్టి ఉంటే నూట అరవై అని నిమిషంలో తేలేది. నా జీవితంలో లెక్కపెట్టకుండా వదిలింది ఆ ఒక్కసారే. తప్పు దొరికిన సంతోషంలో లెక్క అక్కర్లేకపోయింది. వెడల్పును నాలుగోవంతు తగ్గించాను. స్కేలు పెట్టి చూస్తే నాలుగంగుళాలు, సరిగ్గా. అట్టలు గుద్దాను, రెండువందల నలభై. ఆమెకు చెప్పలేదు. ముందు చీర రానీ, తర్వాత ఆసామి ముందు "నేను దిద్దాను కనుక సరిపోయింది" అని నెమ్మదిగా చెబుదామనుకున్నాను. ఆ వాక్యాన్ని ఇంట్లో రెండుసార్లు అనుకుని చూసుకున్నాను కూడా.

సోమవారం పదకొండింటికి హైదరాబాదు నుంచి చీరల వ్యాపారి వచ్చాడు. నచ్చితే మా నలభై సాంచాలకు నాలుగు నెలల పని. సాంచ నడిపే పెద్దాయన నమూనా గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచాడు.

హంస మెడ పొడుగు, ఒళ్లు సన్నం. రెండు పక్కలా అంచు ఖాళీగా ఉంది.

"ఇది హంసనా, ఉపాసమున్న కొంగనా?" అన్నాడు వ్యాపారి.

ఆసామి ముఖం ఎర్రబడింది. ఆ పిల్లవైపు తిరిగాడు. "ఎనభై అరవై లెక్క ఏడికి పాయె? ఐదున్నర నెలల నుంచి గిదేనా నేర్సింది? నలభై సాంచాల బువ్వ పోతది నీతోని. పో, సంచి సర్దుకో. కోరుట్ల బస్సు రెండు గంటలకున్నది."

నేను మాట్లాడవలసింది అప్పుడే. మాట్లాడలేదు. లోపల ఎక్కడో ఆ బస్సు నాకు కనిపించింది, ఎక్కిన పిల్ల కూడా కనిపించింది. కాదని చెప్పను.

ఆ పిల్ల ఏడవలేదు. పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తీసి గుడ్డ మీద పెట్టి వంగింది. పెదవులు కదులుతున్నాయి. లేచి, "అడ్డం నూట ఇరవై ఉన్నయ్ సార్. నేను గీసింది నూట అరవై. నా కంప్యూటర్ల ఫైలున్నది, మీరే చూడుండ్రి," అంది. "మధ్యల ఎవ్వలు తగ్గించిండ్రో, అట్టలు గుద్దినోళ్లను అడుగుండ్రి."

అందరూ నావైపు చూశారు.

"నేనే తగ్గించాను," అన్నాను. "తప్పుంది కనుక తగ్గించాను. రండి, చూపిస్తాను."

నిజంగానే చూపించగలననుకున్నాను. తెరను పాత కంప్యూటర్‌కు మార్చి, ఆమె ఇచ్చిన అసలు హంసను తెరిచి, అద్దం మీద స్కేలు పెట్టాను. "ఎత్తు మూడు. వెడల్పు ఐదు దాటింది. నాలుగుండాలి. చూడండి ఎవరైనా."

ఆసామి వంగి చూశాడు. "ఔ, ఐదు దాటింది."

ఆ పిల్ల నా స్కేలువైపు చూసింది, తెరవైపు చూసింది. గొంతు పెంచకుండా అడిగింది. "అక్కా, దాన్ని తీసెయ్యుండ్రి. కొత్త కాగితం తెరిచి, నూరు గళ్లు అడ్డం, నూరు గళ్లు నిలువు, ఒక్క డబ్బా గీయుండ్రి."

గీశాను.

"ఇప్పుడు కొలువుండ్రి."

నూరుకు నూరు. నాలుగు వైపులా సమానంగా ఉండవలసిన డబ్బా. నిలువు కొలిచాను. మూడంగుళాలు. అడ్డం కొలిచాను. నాలుగంగుళాలు. మళ్లీ కొలిచాను. స్కేలు తిప్పి వెనకవైపు సెంటీమీటర్లలో కొలిచాను. ఏ భాషలో అడిగినా అదే జవాబు. తెర పాత కంప్యూటర్ బొమ్మను పక్కలకు లాగి, ప్రతి మూడింటినీ నాలుగు చేస్తోంది. హంసలో తప్పు లేదు. ఆమె ఎనభై అరవై లెక్కను ఒక్కసారే వేసింది. రెండోసారి వేసింది నేను కొన్న తెర.

సాంచ నడిపే పెద్దాయన గట్టిగా ఊపిరి వదిలాడు. వ్యాపారి గడియారం చూసుకుని, "నేను కరీంనగర్‌ల ఉంట. రేపు మూడింటికి వస్త. అప్పటికి హంసకు జర బువ్వ పెట్టుండ్రి," అని నవ్వుతూ వెళ్లాడు.

"తెర తప్పు దొరసానమ్మా, మీరేం జేస్తరు," అన్నాడు ఆసామి. ఇరవై ఏడేళ్ల మనిషిని నలుగురిలో అనడం ఆయనకు ఇష్టం లేదు. "మా బామ్మర్దిగాడు గిట్లాంటిది అంటగట్టిండు. రిజిస్టర్ల రాయుండ్రి, తెర లోపమని."

ఆ పిల్ల నోరు తెరుస్తుందని ఎదురుచూశాను. కోరుట్ల దుకాణంలో చెప్పాను సార్, ఈమే వినలేదు, అని ఒక్క మాట చాలు. అనలేదు. నేను రిజిస్టర్ తీసి "తెర లోపం" అని రాసి సంతకం చేశాను.

అందరూ వెళ్లాక అడిగాను. "కోరుట్లలో చెప్పిన సంగతి ఎందుకు అనలేదు?"

ఆమె అట్టల కట్ట విప్పుతూ ఉంది. "అంటే ఏమొస్తది అక్కా? సారు మీ మీద గరమైతడు, మీరు అలిగి ఇంటికి పోతరు. రేపు మూడింటి లోపట రెండువందల నలభై అట్టలు ఎవ్వలు గుద్దాలె? నాకు రాదాయె. మీరు నేర్పకపోతిరి."

నా మీద జాలిపడి దాచిందనుకున్నాను. జాలి అయితే ఎలాగో ఓర్చుకునేదాన్ని. పెద్దదాన్నని గౌరవించిందని చెప్పుకునేదాన్ని. అదేం కాదు. అవసరం. అక్కడ నిలబడి, బస్సు టైము చెప్పించుకుని, ఆ కోపంలోనే రేపటి అట్టల లెక్క వేసింది. ఆ వయసులో నేనైతే అరిచి ఉండేదాన్ని. రంగుల చేతికి ఈర్ష్యపడ్డాను, ఉర్దూకు పడ్డాను, కోరుట్ల బజారులో పలకరింపులకు పడ్డాను. వాటన్నిటికంటే ఎక్కువ, ఆ లెక్కకు పడ్డాను. లెక్క నాది అనుకునేదాన్ని.

ఆ సాయంత్రం ఆరున్నర దాకా అట్టలు గుద్దాం. మొదటి నూరు నేను గుద్దాను, ఆమె చూసింది. మిగతా నూట నలభై ఆమె గుద్దింది, నేను చూశాను. రెండు అట్టలు పాడుచేసింది. ఆ రెండింటినీ చూసి నాకు కొంచెం ఊరట కలిగింది.

మంగళవారం మూడింటికి వ్యాపారి వచ్చాడు. గుడ్డ మీద హంస రెండంగుళాలకు రెండంగుళాలు, నిండుగా ఉంది. ఆర్డర్ ఇచ్చి వెళ్లాడు. పెద్దాయన ఆ పిల్లతో "నీ హంసకు నా సాంచ మీద దిష్టి తాకుతది పొల్లా," అన్నాడు. ఆ మాట నాకు ఎవరూ అనలేదు, ఇరవై ఏడేళ్లలో.

ఆ రోజు పని ముగిశాక రిజిస్టర్ ముందు వేసుకుని కూర్చున్నాను. పశ్చాత్తాపంతో అనుకోకండి, మీకు అబద్ధం చెప్పను. నా తప్పొకటి ఆ పిల్ల దగ్గర ఉండిపోవడం, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూసుకునే వస్తువులా ఉండటం, నేను భరించలేకపోయాను. ఇప్పటికే ఆమె దగ్గర చాలా ఉన్నాయి. ఇదొక్కటైనా నా దగ్గరే ఉండాలి. "తెర లోపం" అన్నదాన్ని కొట్టేసి కింద రాశాను: "తెర ఎంచుకున్నవారి లోపం. బొమ్మ సాగుతుందని దుకాణంలోనే చెప్పినా వినలేదు. గళ్లు లెక్కపెట్టకుండా దిద్దారు. డిజైన్‌లో తప్పు లేదు." సంతకం చేసి, తారీఖు వేసి, ఆసామి బల్ల మీద తెరిచి పెట్టాను.

ఆయన నిలబడి చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు.

"గిప్పుడు గిదంత ఎందుకమ్మా? అయిపాయె గద."

"అవలేదు. ఆమె పరీక్ష గడువు ఇంకో రెండు వారాలుంది. అది తీసేయండి. మిగిలిన నెలల్లో గుద్దడం పూర్తిగా నేర్పుతాను. తర్వాత కుర్చీలో కూర్చుంటుంది."

ఆయన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న ఆ పిల్లను పిలిచాడు. రిజిస్టర్ ఆమె ముందుకు తోశాడు. ఆమె నిలబడే చదివింది, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా, వేలు పెట్టి. నేను కిటికీవైపు చూస్తున్నాను. కృతజ్ఞతగా ఏదైనా అంటే ఎలా జవాబివ్వాలో కూడా తయారుచేసుకున్నాను.

వేలు ఒకచోట ఆగింది.

"అక్కా," అంది, "సంతకం కింద నిన్నటి తారీఖు ఏసిండ్రు. ఇయ్యాల మంగళారం."

చూశాను. నిజమే. పెన్ను అడిగి దిద్దాను. ఆ పెన్ను కూడా ఆమెదే.